విశాఖలో అమ్మమ్మగారిల్లు: అడుగులేసే పిల్లలతో ఊరు చూసే పద్ధతి

సెలవులకి విశాఖలో దిగగానే చాలామంది చేసే పని, చూడాల్సిన చోట్లన్నీ వరసగా రాసుకుని ఉన్న రోజులకి పంచెయ్యడం. పెద్దవాళ్ళ ప్రయాణానికి అది సరిపోతుంది. ఏడాదిన్నర నుంచి మూడున్నరేళ్ళ పిల్లలు వెంట ఉంటే మాత్రం లెక్క చోట్లతో కాదు, నిద్రతో మొదలుపెట్టాలి. ఈ వయసు పిల్లలకి రోజంటే రెండు ముక్కలు. పొద్దున లేచిన దగ్గర్నుంచి మధ్యాహ్నం కునుకు దాకా ఒకటి, కునుకు తీసి లేచిన దగ్గర్నుంచి రాత్రి అన్నం దాకా ఇంకొకటి. వీటిలో ఏదో ఒక్కదాన్లోనే బయటికి వెళ్ళండి. రెండోది అమ్మమ్మగారింటి పెరడుకీ తాతయ్య ఒడికీ వదిలెయ్యండి. వచ్చింది వాళ్ళ కోసమే కదా.

బయటికి వెళ్ళడమంటే గుమ్మం దాటిన దగ్గర్నుంచి మళ్ళీ గుమ్మంలో చెప్పులు విడిచేదాకా మూడు గంటలు. దారికి గంట, చూడటానికి గంటన్నర, తిండికీ డైపర్ మార్చడానికీ అరగంట. కునుకు వేళకి కనీసం అరగంట ముందే ఇల్లు చేరాలి. చాలామంది దెబ్బతినేది ఇక్కడే. పన్నెండున్నరకి పడుకునే బిడ్డని పన్నెండింటికి కారెక్కిస్తే, కారు కదలగానే కన్నంటుకుంటుంది. ఇంటి ముందు దింపేసరికి మెలకువ వచ్చేస్తుంది. ఆ పది నిమిషాల నిద్రకి ఒంటి అలసట తీరదు, నిద్రమత్తు మాత్రం వదిలిపోతుంది. ఆ తర్వాత ఎంత జోకొట్టినా పడుకోరు, సాయంత్రమంతా పేచీ. "తిప్పి తిప్పి పిల్లని ఏడిపిస్తున్నారు" అని అమ్మమ్మ అంటే అందులో తప్పేం లేదు. ఒకవేళ ఆలస్యం అయిపోయి కారులో నిద్రపోతే, లేపి దింపొద్దు. బీచ్ రోడ్డు మీద ఇంకో చుట్టు తిప్పి, ముప్పావుగంట నిద్ర పూర్తయ్యాకే ఇంటికి రండి.

ఇల్లు ఎటువైపు ఉంటే అటే

విశాఖ సముద్రం పక్కన పొడుగ్గా సాగిన ఊరు. ఈ కొసనున్న గాజువాక నుంచి ఆ కొసనున్న భీమిలి దాకా పసిపిల్లతో ఒకే రోజు తిరగాలనుకోవడం పొరపాటు. అమ్మమ్మగారిల్లు ఎంవీపీ కాలనీ, పెదవాల్తేరు, సీతమ్మధార వైపు ఉంటే ఆర్కే బీచ్, సబ్‌మెరైన్, కైలాసగిరి దగ్గర. మధురవాడ, పీఎం పాలెం, ఎండాడ వైపు ఉంటే జూ, రుషికొండ, తొట్లకొండ. గోపాలపట్నం, వేపగుంట, పెందుర్తి అయితే సింహాచలం పక్కనే. గాజువాక, కూర్మన్నపాలెం నుంచి ఆర్కే బీచ్‌కి ట్రాఫిక్‌ని బట్టి గంట దాకా పట్టొచ్చు. అక్కణ్ణుంచి వచ్చేవాళ్ళు రోడ్లు ఖాళీగా ఉండే ఆదివారం పొద్దున్నే బయల్దేరాలి.

సోమవారం జూకీ సెలవే, సబ్‌మెరైన్ మ్యూజియానికీ సెలవే. ఆ రోజు బీచ్‌కో పార్కుకో పెట్టుకోండి. ఏప్రిల్ నుంచి జూన్ మధ్య దాకా పొద్దున పది తర్వాత, సాయంత్రం నాలుగున్నర లోపు బయటికి తీసుకెళ్ళొద్దు. విశాఖ ఎండలో అసలు ఇబ్బంది వేడి ఒక్కటే కాదు, గాలిలో తేమ. చెమట పడుతుంది కానీ ఆరదు. అది ఆరితేనే ఒళ్ళు చల్లబడుతుంది. అందుకే ఉష్ణోగ్రత అంకె చూసి "పెద్ద ఎండేం కాదులే" అనుకున్న రోజే పిల్లలు వాడిపోతారు, మెడ మడతల్లో చెమటకాయలు లేస్తాయి. అక్టోబరు, నవంబరుల్లో తుఫాను హెచ్చరిక ఉంటే బీచ్ ఊసే ఎత్తొద్దు. డిసెంబరు 4 నౌకాదళ దినోత్సవం. ఆ సందర్భంగా కొన్నేళ్ళు ఆర్కే బీచ్‌లో నౌకాదళం విన్యాసాలు, వాటి రిహార్సళ్ళు జరుగుతాయి, ఉన్నాయో లేదో ముందే కనుక్కోండి. పెద్దపిల్లలకి పండగే, రెండేళ్ళ పిల్లలు మాత్రం యుద్ధవిమానాల మోతకి హడలిపోతారు. ఇంటి డాబా మీంచి కనిపిస్తే దూరం నుంచి చూపించండి, చాలు.

అమెరికా నుంచి వచ్చిన పిల్లలకి మొదటి వారం పగలూ రాత్రీ తారుమారుగా ఉంటాయి. తెల్లవారుజామున మూడింటికి లేచి ఆడుకుంటారు. దాన్ని ఆపాలని తంటాలు పడటం కంటే వాడుకోవడం మేలు. ఆర్కే బీచ్ దగ్గర బీచ్ రోడ్డులో కొంత భాగాన్ని తెల్లవారుజామున నడిచేవాళ్ళ కోసం వాహనాలు రాకుండా మూసేస్తారు. సూర్యుడు జూన్‌లో 5.20 ప్రాంతంలో, జనవరిలో 6.30 ప్రాంతంలో సముద్రంలోంచి లేస్తాడు. మూడింటికి లేచిన బిడ్డకి పాలు పట్టి, కాస్త ఇడ్లీ పెట్టి, ఐదున్నరకల్లా అక్కడ దింపితే ఎండా ఉండదు, బండ్లూ ఉండవు. ఆ పొద్దుటి వెలుగు కళ్ళ మీద పడటం ఒంటి గడియారం సర్దుకోవడానికి సాయం చేస్తుంది. నిద్ర కుదుటపడేదాకా మొదటి నాలుగైదు రోజులు ఇంతకు మించిన కార్యక్రమం పెట్టుకోవద్దు.

బండి సంగతి

తాతయ్యకి మనవణ్ణి స్కూటర్ ముందు నిలబెట్టి సందు చివరిదాకా తిప్పడం ముచ్చట. చట్టం ప్రకారం ఇప్పుడది కుదరదు. 2023 ఫిబ్రవరి 15 నుంచి అమల్లోకొచ్చిన నిబంధన ప్రకారం తొమ్మిది నెలలు దాటిన నాలుగేళ్ళలోపు పిల్లలకి తలకి సరిపోయే హెల్మెట్ ఉండాలి, నడిపేవాళ్ళ ఒంటికి పిల్లల్ని కట్టే సేఫ్టీ హార్నెస్ ఉండాలి, వేగం 40 కిలోమీటర్లు దాటకూడదు. చట్టం సంగతి పక్కన పెట్టినా, ముందు నిలబడ్డ బిడ్డ సడన్ బ్రేకుకి హ్యాండిల్ మీదకి మొహం గుద్దుకుంటుంది. "మా రోజుల్లో ఏం కాలేదు" అనే తాతయ్యతో వాదించకుండా ఆ ముచ్చట మూడు చక్రాల సైకిలుకి మార్చండి. ఆయన తోస్తారు, బిడ్డ ఎక్కుతుంది.

కారులో ఒళ్ళో కూర్చోబెట్టుకోవడం భద్రత కాదు. గుద్దుకున్నప్పుడు పన్నెండు కిలోల బిడ్డని పట్టుకుని ఆపగల చేతులు ఎవరికీ ఉండవు. కారు సీటు మీ వెంట తెచ్చుకోండి, క్యాబుల్లో దొరకదు. రెండేళ్ళ లోపు పిల్లలకి సీటు వెనక్కి తిరిగి ఉండాలి. బెల్టుతో బిగించే రకం సీటయితే, బిగించాక దానిలోంచి బెల్టు వెళ్ళే చోట పట్టుకుని అటూ ఇటూ లాగి చూడండి, రెండున్నర సెంటీమీటర్లకి మించి కదలకూడదు. తాతయ్యగారి పాత కారులో బెల్టు చాలీచాలకుండా ఉండటం మామూలే, ఈ పరీక్ష మొదటి రోజే ఇంటి దగ్గరే చెయ్యండి. వెనక సీట్ల మీద అందంగా వేసిన కవర్లు బెల్టు బకిల్స్‌ని కప్పేసి ఉంటాయి, అవి తీసేయించండి. ఆటో ఎక్కక తప్పనప్పుడు పిల్లని ఇద్దరు పెద్దవాళ్ళ మధ్య కూర్చోబెట్టాలి, కాళ్ళు లోపలికి ఉండాలి, డ్రైవరు పక్కన ఎప్పుడూ వద్దు.

సంచిలో ఏముండాలి

మూడు గంటలకి సంచి చిన్నదే. డైపర్లు మూడు, వైప్స్, ఒక జత బట్టలు, పల్చటి నూలు తువ్వాళ్ళు రెండు, అంచున్న టోపీ, కాచి చల్లార్చిన నీళ్ళు ముప్పావు లీటరు, ఒక ఓఆర్ఎస్ పాకెట్టు, జిప్ ఉన్న ప్లాస్టిక్ కవర్లు రెండు. అమ్మమ్మ తోడు రావడానికి వీలుగా ఒక మడత కుర్చీ కూడా పెట్టండి. చాలా చోట్ల వీపు ఆన్చుకుని కూర్చునే వీలుండదు, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు "నేను రాను, మీరు వెళ్ళండి" అనడానికి సగం కారణం అదే.

ఓఆర్ఎస్ గురించి ఒక మాట. పాకెట్టు మీద లీటరుకి అని ఉంటే పాకెట్టంతా ఒకేసారి లీటరు నీళ్ళలో కలపాలి. గ్లాసు నీళ్ళలో చిటికెడు పొడి వేసి ఇవ్వడం అందరూ చేసే తప్పు. పొడి ఎక్కువైతే ఉప్పు మోతాదు పెరిగి పిల్లలకి ప్రమాదం, తక్కువైతే దండగ. కలిపిన నీళ్ళు 24 గంటల తర్వాత పారబోయండి. ఇది వాంతులకీ విరేచనాలకీ వాడేది. ఎండలో దాహానికి నీళ్ళు, పల్చటి మజ్జిగ చాలు.

తిండి ఇంటి నుంచే. పొద్దుటిపూట అయితే ఇడ్లీలు, తొక్కతో ఉన్న అరటిపండు. పెరుగన్నం కావాలంటే మెత్తగా వండిన అన్నం ఒక కప్పు, కాచి గోరువెచ్చగా చల్లార్చిన పాలు ముప్పావు కప్పు, పెరుగు ఒక టీస్పూను కలిపి మూతపెట్టండి. రెండు మూడు గంటలకి తోడుకుని కమ్మగా ఉంటుంది. పెరుగే ఎక్కువ వేస్తే ఆ ఎండకి పులిసిపోయి పిల్లలు నోట పెట్టరు. పప్పన్నం, పాలు పోసిన సెరెలాక్ లాంటివి వేడికి త్వరగా పాడవుతాయి, వద్దు.

బీచ్‌లో అమ్మే మురీ మిక్చర్‌లో వేరుశనగ గుళ్ళుంటాయి. ఐదేళ్ళ లోపు పిల్లలకి ఏ గుళ్ళూ పెట్టొద్దు, ఊపిరి గొట్టంలో అడ్డుపడతాయి. కాల్చిన మొక్కజొన్న పొత్తు కూడా అంతే. గింజలు ఒలిచి గుప్పెడు నోట్లో వెయ్యడం కంటే, మీరే కొరికి మెత్తగా నమిలిన ముద్ద పెట్టడం కంటే, అసలు పెట్టకపోవడమే మంచిది. ఎండాకాలంలో తాటిముంజలు పెట్టొచ్చు కానీ పైపొర ఒలిచి, చిన్నచిన్న ముక్కలుగా తుంచి పెట్టాలి. ముంజ మొత్తంగా ఇస్తే జారి గొంతులోకి పోతుంది. కొబ్బరిబొండం మీ ముందు కొట్టించి, నీళ్ళు ఇంటి గ్లాసులో పోసుకోండి.

ఆర్కే బీచ్

ముందు చెప్పాల్సింది: ఇక్కడ సముద్రంలో దిగడం లేదు. ఒడ్డు చాలా చోట్ల ఒక్కసారిగా లోతుకి దిగుతుంది, వెనక్కి లాగే ప్రవాహాలు పెద్దవాళ్ళ కాళ్ళనే పడేస్తాయి. పిల్లలు ఆడే చోటు పొడి ఇసుక. కాళ్ళు తడపాలంటే అల వచ్చి చచ్చిపోయే చివరి గీత దగ్గరే, ఒక పెద్దమనిషి బిడ్డకీ సముద్రానికీ మధ్య నిలబడి, చెయ్యి కాదు, మణికట్టు పట్టుకుని. తడిసిన చిన్న చెయ్యి పట్టులోంచి జారిపోతుంది. అల వెనక్కి పోతున్నప్పుడు కాళ్ళ కింద ఇసుక కూడా జరుగుతుంది, అప్పుడే పిల్లలు కూలబడతారు. ఫొటో కోసం సముద్రానికి వీపు తిప్పి నిలబెట్టొద్దు.

ఇసుకలోకి వదిలే ముందు రెండు మీటర్ల మేర చేత్తో కలియబెట్టి చూడండి. గాజుపెంకులు, ఐస్‌క్రీం పుల్లలు, చేపలు పట్టే సన్నటి తీగలు దొరుకుతాయి. పార పెద్దదొద్దు, ఇంట్లో పాత గరిటె ఇస్తే ముప్పావుగంట కూర్చుంటారు. కంట్లో ఇసుక పడితే నలపనివ్వకుండా తల పక్కకి వంచి, తాగే నీళ్ళు ముక్కు వైపు నుంచి చెవి వైపుకి పారేలా పొయ్యండి. కాళ్ళకంటిన ఇసుకని తడిగా ఉండగా తుడిస్తే చర్మం గీరుకుపోతుంది. ఐదు నిమిషాలు ఆరనిచ్చి పొడి తువ్వాలుతో దులిపితే దానంతటదే రాలుతుంది. కడగడం ఆ తర్వాత.

పార్కుల్లో రేకు జారుడుబల్ల కనిపిస్తే ముందు మీ చేతి వెనక భాగం ఐదు సెకన్లు ఆనించి చూడండి. ఆనించి ఉంచలేకపోతే పిల్ల తొడలు కాలతాయి. పొద్దున తొమ్మిదిన్నరకే అలా కాలిపోతూ ఉంటుంది.

నలుగురు పెద్దవాళ్ళున్నప్పుడే పిల్లలు తప్పిపోతారు. అమ్మ చూస్తోందని నాన్న, తాతయ్య చూస్తున్నారని అమ్మ అనుకుంటారు. అందుకని బిడ్డ ఎవరి వంతులో ఉందో పేరుపెట్టి పైకి చెప్పుకోవాలి. "నాన్నా, పది నిమిషాలు మీ దగ్గర" అంటే "సరే, నా దగ్గరే" అని జవాబు వచ్చాకే మీరు చూపు తిప్పండి. ఇంట్లోంచి బయల్దేరే ముందు ఆ రోజు వేసిన బట్టల్లో ఒక ఫొటో తీసి పెట్టుకోండి. ముంజేతి లోపలి వైపు బాల్‌పెన్నుతో ఫోన్ నంబరు రాయండి. విదేశాల నుంచి వచ్చినవాళ్ళు తాతయ్య నంబరు రాయాలి. ఫోన్ చేసేవాళ్ళకి అక్కడి నంబరు కలవదు.

సబ్‌మెరైన్‌లోకి పిల్లని తీసుకెళ్ళడం

కాళీమాత గుడి దాటి కాస్త ముందుకెళ్తే ఇసుకలో నల్లగా పడుకుని కనిపించేదే ఐఎన్ఎస్ కుర్సురా. సోవియట్ తయారీ, పొడవు 91 మీటర్లు. 1969లో నౌకాదళంలో చేరింది, 2001లో విశ్రాంతి తీసుకుంది, 2002 నుంచి మ్యూజియం. ఆదివారం తప్పిస్తే మిగతా రోజుల్లో మధ్యాహ్నం తర్వాతే తెరవడం అలవాటు కాబట్టి దీన్ని రోజులో రెండో ముక్కకే పెట్టుకోవాలి. వేళలు మారుతుంటాయి, ముందురోజు కనుక్కోండి. కునుకు లేచి, పాలు తాగి, నాలుగున్నర ఐదింటికి చేరేలా చూసుకుంటే సరిపోతుంది. ఆదివారం సాయంత్రం వద్దు, లోపల ముందువాళ్ళు కదిలితేనే మీరు కదలాలి, ఏడ్చే బిడ్డతో మధ్యలో వెనక్కి రావడానికి దారి ఉండదు.

స్ట్రోలర్ లోపలికి పోదు, కారులోనే వదిలెయ్యండి. ఒంటికి కట్టుకునే క్యారియర్ కూడా ఇక్కడ మంచిది కాదు. ఒక గదికీ ఇంకో గదికీ మధ్య ఉండేవి తలుపులు కావు, నేల నుంచి ఎత్తుగా ఉన్న గుండ్రటి ఇనప కంతలు. వాటిలోంచి దూరాలంటే నడుము సగానికి వంచాలి, బిడ్డ ఎదమీద కట్టి ఉంటే వంగలేరు, వంగితే బిడ్డ తల ఇనప అంచుకి తగులుతుంది. పద్ధతి ఇది. ఇద్దరు పెద్దవాళ్ళు ఉండాలి. మొదటివాళ్ళు కంత దాటి అవతల నిలబడి వెనక్కి తిరగాలి. రెండోవాళ్ళు బిడ్డని చంకల కింద పట్టుకుని, కాళ్ళు ముందుకి వచ్చేలా కంతలోంచి అందించాలి. అవతలివాళ్ళు ఒక చెయ్యి బిడ్డ తల మీద కప్పులా పెట్టి అందుకోవాలి. ఆ తర్వాతే రెండోవాళ్ళు దూరాలి. మూడేళ్ళ పిల్లలు మొదటి కంత దగ్గర బెదిరినా రెండోసారికి అదే ఆటైపోయి తామే కాళ్ళు చాపుతారు.

లోపల టార్పెడోలు, గోడంతా మీటర్లు, చక్రాలు, అరల్లా ఒకదాని మీద ఒకటున్న పడకలు. పిల్లల చూపు ఆగేది వంటగది దగ్గరా ఆ పడకల దగ్గరా. చేతికందే ఎత్తులో చక్రాలు, పైపుల అంచులు ఉంటాయి కాబట్టి నడిపించకుండా ఎత్తుకునే ఉండాలి. గాలి ఆడదు, చెమట పడుతుంది, పూర్తి చేతుల చొక్కా వెయ్యొద్దు. మోకాళ్ళ నొప్పులున్న అమ్మమ్మ తాతయ్యలు లోపలికి రాకపోవడం మంచిది. వాళ్ళని బయట గాలికి కూర్చోబెట్టండి, మీరు ఇరవై నిమిషాల్లో బయటికి వచ్చేస్తారు. రోడ్డుకి అవతల టీయూ-142 విమానం మ్యూజియం 2017లో పెట్టారు. బయట నిలబడి చూడ్డానికే పిల్లలకి బాగుంటుంది. రెండూ ఒకే సాయంత్రం లోపలికెళ్ళి చూడాలనుకోవద్దు.

జూ, కైలాసగిరి, తొట్లకొండ

ఇందిరా గాంధీ జంతు ప్రదర్శనశాల కంబాలకొండ అడవి అంచున 625 ఎకరాల్లో ఉంది. అంతా చూడటం జరిగే పని కాదు, అక్కర్లేదు కూడా. పొద్దున తెరవగానే వెళ్ళండి, అప్పుడే పులులూ ఎలుగుబంట్లూ తిరుగుతుంటాయి. పదకొండు దాటితే నీడలో పడుకుంటాయి, బిడ్డకి ఖాళీ బోను చూపించినట్టే. ఏనుగు, జిరాఫీ, నీటిగుర్రం, పులి. ఈ నాలుగూ పెట్టుకుని మధ్యదూరాలు బ్యాటరీ బండిలోనో, టికెట్ తీసుకుని సొంత కారులోనో తిరగండి. స్ట్రోలర్ ఇక్కడ బాగా పనికొస్తుంది. పెద్ద జంతువు కంటే కంచె మీద వాలిన కాకినే బిడ్డ ఎక్కువసేపు చూస్తే లాక్కెళ్ళొద్దు, చూడనివ్వండి.

కైలాసగిరి మీదకి కారులో ఎక్కండి. కొండ చుట్టూ తిరిగే చిన్న రైలు ఈ వయసుకి సరిగ్గా సరిపోయేది, అమ్మమ్మ తాతయ్యలకీ కూర్చునే సుఖం. సముద్రం కనబడే వైపు సీటు తీసుకుని, బిడ్డని లోపలి వైపు పెట్టుకోండి. సాయంత్రం గాలి గట్టిగా వీస్తుంది, చెవులు కప్పే టోపీ ఉండాలి. శివపార్వతుల విగ్రహాల దగ్గర మెట్లున్నాయి, రెయిలింగు అన్ని చోట్లా పిల్లల ఎత్తుకి తగ్గట్టు లేదు.

భీమిలి దారిలో ఉన్న తొట్లకొండ బౌద్ధక్షేత్రం పరిగెత్తే పిల్లలకి మంచి మైదానం. జనం తక్కువ. కానీ ఆ పేరు ఎందుకొచ్చిందో గుర్తుపెట్టుకోవాలి. కొండరాతిలో తొలిచిన నీటితొట్లు నేలకి సమానంగా ఉంటాయి, పరిగెత్తే బిడ్డకి అంచు కనబడదు. ముందు తొట్లు ఎక్కడున్నాయో చూసుకుని, వాటికి దూరంగా ఉన్న వైపే బిడ్డని దింపండి. నీడ తక్కువ, పొద్దున తొమ్మిదిలోపే తిరిగి రావాలి.

సింహాచలంలో పుట్టువెంట్రుకలు

ఊరొచ్చిన మనవరాలికి అప్పన్న సన్నిధిలో పుట్టువెంట్రుకలు తీయించాలని పెద్దవాళ్ళు ఎప్పట్నుంచో అనుకుని ఉంటారు. శనివారం, సెలవురోజు కాకుండా చూసుకోండి. స్వామి ఏడాదంతా చందనంలోనే ఉంటాడు, ఆ చందనం ఒలిచి నిజరూప దర్శనం ఇచ్చేది అక్షయ తృతీయ రోజు. ఆ రోజూ, ఆషాఢ పున్నమికి జరిగే 32 కిలోమీటర్ల గిరిప్రదక్షిణ రోజూ పసిపిల్లతో కొండ ఎక్కొద్దు.

బిడ్డకి కడుపునిండా పెట్టి, పొద్దున ఏడెనిమిదింటికల్లా కేశఖండనశాలకి చేరండి. ఆకలితో ఉన్న బిడ్డ తల కదుపుతుంది, అప్పుడే గాట్లు పడతాయి. కొత్త బ్లేడు కాగితం మీ ముందే విప్పమని అడగండి. జుట్టు బాగా తడిపి రెండు నిమిషాలు నాననివ్వాలి, పొడిజుట్టు మీద కత్తి లాగుతుంది. మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టుకుంటే ఆయన ఒక చెయ్యి బిడ్డ నుదుటికి, ఒక చెయ్యి రెండు చేతుల్నీ కలిపి పట్టుకోవడానికి. ఫోన్‌లో బొమ్మ చూపించడం ఇక్కడ వద్దు, తల కిందికి వంచేస్తారు. ఎదురుగా అమ్మమ్మ కూర్చుని మాట్లాడుతుంటే తల నిటారుగా ఉంటుంది. అయ్యాక గోరువెచ్చటి నీళ్ళతో కడగాలి, ఫ్లాస్కులో మీరే తీసుకెళ్ళండి. ఆరాక గంధం పల్చగా పుయ్యండి. గాటు పడ్డ చోట గంధం వద్దు, మంట. కొత్త గుండు ఎండకి ఇట్టే కమిలిపోతుంది, తర్వాతి రెండు వారాలు టోపీ లేకుండా బయటికి తేవొద్దు.

దిగేటప్పుడు కొండకింద అనాసపళ్ళు ఊరిస్తాయి. పిల్లలకి రెండు చిన్న ముక్కలే, ఆ వెంటనే మూతి నీళ్ళతో తుడవండి. ఆ పులుపుకి పెదాల చుట్టూ ఎర్రగా పొక్కుతుంది, చూసి జబ్బేమో అని కంగారుపడతారు.

అరకు: వెళ్ళాలా వద్దా

మూడేళ్ళ లోపు బిడ్డతో ఒక్కరోజులో అరకు వెళ్ళి రావద్దు. రోడ్డు మీద 115 కిలోమీటర్లు, ఘాట్ మలుపులు. రైల్లో పొద్దున ఏడు లోపే బయల్దేరాలి, నాలుగు గంటల ప్రయాణం. ఒక రాత్రి అక్కడ ఉండగలిగితేనే పెట్టుకోండి. ఐదేళ్ళ లోపు పిల్లలకి సీటు అడగకపోతే రైలు టికెట్ అక్కర్లేదు, కానీ నాలుగు గంటలు ఒళ్ళో కూర్చోరు కాబట్టి సీటు కొనడమే మేలు. ఆ దారిలో సొరంగాలు యాభైకి పైనే. రైలు చీకట్లోకి వెళ్ళగానే పెట్టెలో జనం కేకలు వేస్తారు, ఈలలు వేస్తారు. మొదటిసారి బిడ్డ భయపడుతుంది. సొరంగం వచ్చే ముందే దగ్గరికి తీసుకుని "ఇప్పుడు చీకటి, అంకెలు లెక్కపెడదాం" అని మొదలుపెడితే మూడో సొరంగానికి అలవాటుపడతారు.

ఘాట్‌లో వాంతులు ఎక్కువగా రెండేళ్ళు దాటిన పిల్లలకే వస్తాయి. బయల్దేరడానికి గంటన్నర ముందు పొడి ఇడ్లీ పెట్టండి, దారిలో పాలు పట్టొద్దు. మాటలు ఆపి, రంగు పాలిపోయి, ఆవలిస్తుంటే వాంతి రాబోతోందని అర్థం. వెంటనే కారు ఆపి కిందికి దింపండి. డాక్టరు చెప్పకుండా వాంతుల మందు వెయ్యొద్దు.

బొర్రా గుహల్లో మెట్లు చాలా ఉన్నాయి, తడిగా జారతాయి. పన్నెండు కిలోల బిడ్డని ఎత్తుకుని ఎక్కేవాళ్ళకి తమ పాదాలే కనబడవు. ఒకరు బయట బిడ్డతో ఉండి వంతులవారీగా చూసి రండి. బయట కోతులు చేతిలో బిస్కెట్ కనబడితే లాక్కుంటాయి, పిల్లల చేతికి ఏమీ ఇవ్వొద్దు. అరకులో గిరిజన మ్యూజియం పిల్లలకి బాగుంటుంది. చాపరాయి బండల మీద నాచుంటుంది, అక్కడ దింపొద్దు. డిసెంబరు, జనవరిలో రాత్రుళ్ళు గట్టి చలి, స్వెట్టరు ఒకటి చాలదు, లోపల నూలు బనీను, కాళ్ళకి మేజోళ్ళు కావాలి. సాయంత్రం నుంచి పొడుగు చేతుల బట్టలు వేసి దోమతెర వాడండి, మన్యంలో మలేరియా ఉంది.

ఇంటికి చేరాక

గుమ్మంలోనే కాళ్ళు కడిగి, చెవుల వెనకా మెడ మడతల్లోనూ ఇసుక ఉందేమో చూసి, గోరువెచ్చటి నీళ్ళు పొయ్యండి. అమ్మమ్మ దిష్టి తీస్తానంటే తీయనివ్వండి, రెండు నిమిషాల పని. కాకపోతే మిరపకాయలు పొయ్యిలో వేసేది బిడ్డ ఉన్న గదిలో కాకుండా పెరట్లో అయ్యేలా చూసుకోండి, ఆ ఘాటుకి దగ్గు ఆగదు. తర్వాత అన్నం, నిద్ర. బిడ్డ పడుకోగానే సంచి విప్పి తడిబట్టలు తీసేసి, వాడిన డైపర్ల లెక్క చూసి కొత్తవి పెట్టి, నీళ్ళసీసా కడిగి బోర్లించండి. రేపు బయటికి వెళ్ళాలా ఇంట్లోనే ఉండాలా అన్నది బిడ్డ లేచాక మొహం చూసి తేల్చుకోవచ్చు.